నానమ్మ చేసిన స్మూతీ

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ ఇంట్లో మిక్సీ మోగాల్సిందే. పదకొండు రోజులుగా ఇదే వరస. అది మోగుతున్నంతసేపూ హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న నానమ్మ తొక్కడం మానేసి, సూది కింద గుడ్డ అలాగే పట్టుకుని వంటింటి గుమ్మం వైపు చూస్తూ ఉండేది. చూడకూడదనే అనుకునేది. కళ్ళు మాట వినేవి కావు.

వంటింట్లో ఉన్నావిడ కోడలి తల్లి. అంటే మనవరాలికి అమ్మమ్మ. కోడలికి నెలలు నిండుతున్నాయని సాయానికి వచ్చింది. అందరిలా బట్టల పెట్టె ఒక్కటే తెచ్చుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. రెండు బుట్టల పండ్లు కూడా మోసుకొచ్చింది. ముప్పై ఏళ్ళు బజారులో పండ్ల కొట్టు నడిపిన మనిషి. చేతిలో పండు లేకపోతే ఆవిడకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు కాబోలనుకుంది నానమ్మ.

పొద్దున్నే వంటింటి నేల మీద పాత పేపరు పరుచుకుని కూర్చునేది అమ్మమ్మ. ప్రతి పండునీ తొడిమ దగ్గర వాసన చూసి, నచ్చనిదాన్ని మారుమాట లేకుండా పక్కకి నెట్టేసేది. బొప్పాయి, మామిడి, అనాస, అరటి, అన్నీ బొటనవేలి కణుపంత ముక్కలు. వాటిని పొడిగుడ్డతో ఒత్తి, స్టీలు పళ్ళెంలో ఒకదాన్నొకటి తాకకుండా పేర్చి ఫ్రీజర్లోకి తోసేది.

"తాకితే అతుక్కుపోతాయి వదినగారూ. రాయిలా ముద్దయితే బ్లేడు తిరగదు" అని అడక్కుండానే చెప్పింది మొదటి రోజు.

"అలాగా" అంది నానమ్మ. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు.

మధ్యాహ్నానికి ఆ ముక్కలు గోళీల్లా గలగలలాడేవి. కొన్నిటిని సంచిలో పోసి, గాలంతా నొక్కి తీసేసి, మర్నాటికి దాచేది. మూడింటికి మిక్సీ జారులో ముందు పెరుగు, ఆ పైన ముక్కలు, ఒక చెంచా తేనె, నాలుగు చుక్కల నిమ్మరసం. ఐసు వేసేది కాదు, నీళ్ళు అసలే పోసేది కాదు. "పండే ఐసు కదండీ, ఇంకా ఐసెందుకు?" అనేది. మిక్సీని ఒక్కసారిగా తిప్పేది కాదు. కొంచెం తిప్పి ఆపి, మూత తీసి చెక్క గరిటెతో ముక్కల్ని కిందికి తోసి, మళ్ళీ తిప్పేది. మొదట గులకరాళ్ళ మోత, తర్వాత గరగర, ఆ తర్వాత మెత్తటి గొణుగుడు. ఆ గొణుగుడు వినపడగానే చెయ్యి తీసేసేది. గ్లాసులోకి వంపితే అది ఒలికేది కాదు. నిదానంగా జారి, గ్లాసులో కూర్చునేది.

పని చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నానమ్మకి ఒళ్ళు మండేది అందుకే. పనిలో ఒక్క వంకర కుట్టు కనపడినా ఆవిడకి ప్రాణం కుదుటపడేది.

వంటింటి గట్టు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న మనవరాలికి మొదటి గ్లాసు. ఏడేళ్ళు. ఇంట్లో ఎవరెప్పుడు లేవాలో, ఎవరెక్కడ కూర్చోవాలో అదే చెబుతుంది కాబట్టి అందరూ దాన్ని మేనేజరు అంటారు. మేనేజరు మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, అరవై ఏళ్ళ ముసలమ్మలా "హమ్మయ్య" అనేది.

"ఎలా ఉంది?"

"నిన్నటికన్నా బాగుంది. రేపు అనాస ఎక్కువెయ్యి అమ్మమ్మా."

పన్నెండు రోజుల క్రితం దాకా మూడింటికి ఈ మేనేజరు ఎక్కడుండేదో నానమ్మని అడగాలి. ఈ మిషను పక్కనే, దారపు రీళ్ళ డబ్బా బోర్లించుకుని కూర్చునేది. సూదిలో దారం ఎక్కించేది. పుట్టబోయే చెల్లికో తమ్ముడికో కుడుతున్న చిన్న చిన్న చొక్కాలకి గుండీలు తనే ఎంచేది. ఇప్పుడు అటునుంచి ఒక్క కేక వస్తుంది: "నానమ్మా, నీకూ ఇవ్వమంటావా?"

"నాకొద్దమ్మా. నాకు చల్లటివి పడవు" అనేది నానమ్మ. పదకొండు రోజుల్లో ఒక్క చుక్క నోట పెట్టలేదు. పెడితే బాగుంటుందని ఆవిడకి తెలుసు.

ఆ సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. అతని వాటా గ్లాసు అమ్మమ్మ ఫ్రీజర్లో దాచి ఉంచింది. చెంచాతో తోడుకుని తిన్నాడు. "అత్తయ్యగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ. బయట ఎంత పెద్ద షాపుకెళ్ళినా ఇలా ఉండదు" అన్నాడు.

నానమ్మ గుండీ కుడుతున్న సూది వేలిలో దిగింది. ముప్పై ఆరేళ్ళు వండిపెట్టింది ఈ మహానుభావుడికి. ఫోను చూస్తూ తింటాడు, ఎలా ఉందిరా అంటే "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"నే ఇన్నాళ్ళూ మెచ్చుకోలు కింద జమకట్టుకుంది పిచ్చిది.

అది చాలదన్నట్టు, బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే గదిలోంచి కొడుకూ కోడలూ మాట్లాడుకోవడం వినపడింది.

"పురుడయ్యాక ఇద్దరూ ఉండాలంటే ఇల్లు చాలదు" అంటున్నాడు కొడుకు. "ఎవరో ఒకరే ఉండగలరు. మీ అమ్మ ఉంటే నీకూ సుఖం. మేనేజరు కూడా ఇప్పుడు ఆవిడ కొంగు వదలడం లేదు."

"మరి అత్తయ్య?"

"అమ్మ మావయ్య దగ్గరికి వెళ్తానంటోందిగా ఎప్పట్నుంచో."

ఎప్పట్నుంచో! ఐదేళ్ళ కిందట, పప్పు మాడిందని ఇతగాడు ముఖం చిట్లిస్తే, "నేను మా తమ్ముడి దగ్గరికి పోతాను, మీరే వండుకోండి" అని ఒక్కసారంటే ఒక్కసారి అంది. దాన్ని గుర్తుపెట్టుకున్నాడు. నానమ్మ బట్టల మోపు గుండెకి హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. ఏడేళ్ళు పెంచిన పిల్లని పదకొండు గ్లాసుల పండ్ల గుజ్జుకి వదిలి వెళ్ళాలన్నమాట. కోపం కొడుకు మీద రావాలి. రాలేదు. వంటింట్లో గ్లాసులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్న మనిషి మీదే వచ్చింది.

*

మర్నాడు కోడలికి ఆసుపత్రిలో పరీక్షలు. అమ్మమ్మ తోడు వెళ్ళాలి. సాయంత్రం దాకా రారు. మూడింటికి తను ఉండదు కాబట్టి పొద్దున తొమ్మిదికే మిక్సీ మోగించి, మేనేజరుకి గ్లాసు చేతికిచ్చి మరీ వెళ్ళింది. మేనేజరు సగం తాగి, "పొట్ట నిండింది" అని వదిలేసింది. కొడుకు ఆఫీసుకి వెళ్ళాడు.

ఇంట్లో నానమ్మ, మనవరాలు మిగిలారు. ఎండ కిటికీ ఊచల మీద పడి ఊచలు కాలిపోతున్నాయి. నానమ్మ మిషను ముందు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. రెండుంబావుకి ఇక ఉండబట్టలేకపోయింది.

"మేనేజరమ్మా, ఇవాళ నీ స్మూతీ నేను చేస్తాను."

మేనేజరు బొమ్మల పుస్తకంలోంచి తలెత్తి ఎగాదిగా చూసింది. "నీకు వచ్చా?"

"వెయ్యిమంది పిల్లలకి స్కూలు బట్టలు కుట్టినదాన్ని. పండ్లు నలపడం రాదా?"

ఫ్రీజర్ తెరిచి సంచి బయటికి తీసింది. చేత్తో పట్టుకోగానే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంత చలి తీసుకెళ్ళి పసిపిల్ల గొంతులో పోస్తోందా ఈవిడ! నానమ్మకి ఒక్కసారిగా తను చెయ్యాల్సిందేమిటో తెలిసిపోయింది. స్నానానికి చన్నీళ్ళయినా, తాగడానికి కుండలో నీళ్ళయినా, పిల్లకి ఏదైనా చలి విరిచి ఇవ్వడమే తన పద్ధతి. ఏడేళ్ళుగా పిల్ల గొంతు బాగుందంటే ఆ పద్ధతి వల్లే. రుచి ఆవిడది, జాగ్రత్త తనది. రెండూ కలిస్తే ఇక తిరుగేముంది? ముక్కలన్నీ పళ్ళెంలో పోసి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది.

"నానమ్మా, కరిగిపోతున్నాయి" అంది మేనేజరు కాసేపటికి.

"కరగాలి. చలి విరగాలి."

"అమ్మమ్మ ఇలా చెయ్యదు."

"అమ్మమ్మకి తొందరెక్కువ."

ఈలోగా పాలు కాచి గోరువెచ్చగా ఆరబెట్టింది. పెరుగు జలుబు చేస్తుందని వద్దనుకుంది. గంట గడిచేసరికి పళ్ళెంలో అరటిముక్కలు నల్లబడి, అనాస నీరు కారి, అన్నీ ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. సగం ముక్కలు జారులో వేసి, పాలు పోసి, మీట చివరిదాకా తిప్పింది. మూత ఎగిరింది. గోడ మీద, స్టవ్ మీద, నానమ్మ కళ్ళజోడు మీద గోధుమరంగు చుక్కలు. మేనేజరు పడీ పడీ నవ్వింది. నానమ్మ కూడా నవ్వబోయి ఆగిపోయింది. జారులో ఉన్నది చూసింది కాబట్టి. అనాస పులుపుకి వెచ్చటి పాలు విరిగిపోయి, పలచటి నీళ్ళలో పలుకులు తేలుతున్నాయి.

అయినా గ్లాసులో పోసి ఇచ్చింది. ఆశ అలాంటిది.

మేనేజరు ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. మింగలేదు. బుగ్గలో పెట్టుకుని నానమ్మ ముఖం చూసింది. కళ్ళు గట్టిగా మూసి మింగింది.

"ఎలా ఉంది?"

ఎవర్నీ వదలని మేనేజరు, కూరలో ఉప్పు తక్కువైతే తండ్రిని కూడా నిలదీసే మేనేజరు, తన కాలి వేళ్ళు చూసుకుంటూ అంది: "బాగుంది నానమ్మా. తర్వాత తాగుతా. ఇప్పుడు పొట్ట నిండుగా ఉంది."

నానమ్మకి తల కొట్టేసినట్టయింది. చెత్తగా ఉందంటే తట్టుకునేది. ఏడేళ్ళ పిల్ల తన మనసు నొప్పించకూడదని చూస్తోంది! గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టి, "పారబోద్దాంలే తల్లీ, ఫర్వాలేదు" అని గోడ వైపు తిరిగి చుక్కలు తుడవసాగింది. తుడుస్తుంటే కన్నీళ్ళు వచ్చాయి. అవి ఆపుకోవడానికి తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

తర్వాత దొంగతనం చేసినదానిలా అన్నీ సర్దింది. పళ్ళెంలో మిగిలిన ముక్కల్ని మళ్ళీ సంచిలో పోసి, అమ్మమ్మ చేసినట్టే గాలి నొక్కి, ఫ్రీజర్లో ఉన్నచోటే పెట్టింది. జారు కడిగింది.

"అమ్మమ్మకి చెప్పకు" అంది.

"సీక్రెట్టా?"

"ఆఁ. మనిద్దరి సీక్రెట్టు."

గదిలోకి వెళ్ళి మంచం మీద వాలి, గోడ వైపు తిరిగి పడుకుంది. లేచేసరికి అయిదున్నర దాటింది. వంటింట్లోకి వెళ్తే గ్లాసు ఖాళీగా సింకులో ఉంది. పారబొయ్యమన్నది తనే. అయినా ఆ ఖాళీ గ్లాసు చూడగానే ప్రాణం ఉసూరుమంది. ఒక్క గుక్క ఎక్కువ తాగి పారబోసినా బాగుండేది కదా అనిపించింది.

*

తెల్లవారి ఆరింటికి మేనేజరు వాంతి చేసుకుంది. ఎనిమిదిలోగా మరో మూడుసార్లు. విరేచనాలు కూడా మొదలయ్యాయి. ఇల్లంతా శాసించే పిల్ల వాడిన కొమ్మలా తండ్రి భుజం మీద వాలిపోయింది. కొడుకు ఆఫీసుకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పదకొండింటికి తిరిగొచ్చి పిల్లని పడుకోబెట్టి, హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏదో పాడైనది తిందన్నాడు డాక్టరు. నీళ్ళలో పొడి కలిపి పట్టమన్నాడు. అత్తయ్యగారూ, నిన్న పొద్దున్నే మీరిచ్చింది కాక ఇంకేం తిందండీ? పరగడుపున ఆ పండ్లూ పెరుగూ..."

గొంతు పెంచలేదు. పెంచకపోవడమే అధ్వాన్నంగా ఉంది. అమ్మమ్మ నేరుగా వంటింట్లోకి నడిచింది. నానమ్మ వెనకే గుమ్మం దాకా వెళ్ళింది.

అమ్మమ్మ ఫ్రీజర్ తెరిచి సంచి తీసింది. గలగలలాడలేదు. ముక్కలన్నీ కలిసి ఒకే గడ్డగా, గడ్డ అడుగున పసుపురంగు రసం పేరుకుపోయి ఉంది. గట్టు మీద పెడితే ఇటుకరాయిలా దడాలుమంది. ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇవి కరిగి మళ్ళీ గట్టిపడ్డాయి" అంది మెల్లగా. "వదినగారూ, నిన్న కరెంటు పోయిందా?"

చెప్పాల్సిన మాట నానమ్మ నాలుక చివర ఉంది. నేనే తీశానండీ అంటే సరిపోయేది. పిల్ల తాగింది ఇలా కరిగినవి కాదు, తను చేసిన గ్లాసు పిల్ల పారబోసేసింది, కాబట్టి తన తప్పేమీ లేదు. ఆ మాటైనా చెప్పొచ్చు. కానీ చెబితే ఎందుకు తీశారంటారు. ఏం చేశారంటారు. ఎలా వచ్చిందంటారు.

"ఏమోనండీ. నేను మధ్యాహ్నం పడుకున్నాను" అంది.

అక్కడితో ఊరుకోలేదు. పదకొండు రోజుల మంట ఊరుకోనివ్వలేదు. "పిల్లలకి ఇంత చల్లటివి పడవని నాకు మొదటి రోజే అనిపించింది. పైదాన్ని, నేనేం చెబుతాను?" అని కూడా అంది. హాల్లో ఉన్న కొడుక్కి వినపడేంత గట్టిగా అంది.

కరెంటు వల్ల కాకపోతే పండ్లలోనే దోషం ఉండాలనుకుంది కాబోలు అమ్మమ్మ. గడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బుట్టలో మిగిలిన పండ్లు ఒక్కొక్కటే తీసి తొడిమ దగ్గర వాసన చూసింది. తర్వాత తన వేళ్ళు వాసన చూసుకుంది. ముప్పై ఏళ్ళు పండుని ముట్టుకుని లోపల ఏముందో చెప్పిన మనిషి, ఇప్పుడు మంచి మామిడిపండుని చేత్తో పట్టుకుని ఇది మంచిదో కాదో తెలియక నిలబడింది. ఆఖరికి అన్నీ, మంచివీ చెడ్డవీ, చెత్తసంచిలో పడేసి మూతి కట్టేసింది.

నానమ్మకి లోపల చల్లగా అనిపించింది. నిజం చెప్పుకోవాలి. ఆ వేసవి మొత్తంలో ఆవిడకి నచ్చిన చలి అదొక్కటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు కంచంలోకి చూస్తూ చెప్పాడు. "పురుడైన వారానికి అత్తయ్యగారికి టిక్కెట్టు తీసేస్తాను. తర్వాత అమ్మ ఉంటుంది. పిల్లకేది పడుతుందో అమ్మకి తెలుసు."

కోడలు తల్లి వైపు చూసింది. అమ్మమ్మ "అలాగే బాబూ, అదే మంచిది" అంది. నానమ్మ అన్నం రెండోసారి పెట్టించుకుంది.

*

మర్నాటికి మేనేజరు కాస్త తేరుకుంది. మంచం మీద దిండుకి ఆనుకుని, డాక్టరిచ్చిన పొడి కలిపిన నీళ్ళు చెంచాతో పట్టిస్తుంటే ముఖం వికారంగా పెట్టి మింగుతోంది. పక్కన నానమ్మ. సెలవు పొడిగించుకున్న కొడుకు హాల్లో కంప్యూటరు ముందు ఉన్నాడు. వంటింట్లో అమ్మమ్మ పళ్ళేలు తోముతున్న చప్పుడు వినపడుతోంది. మూడు దాటింది. మిక్సీ మోగలేదు. నానమ్మకి ఆ నిశ్శబ్దం మొదట్లో హాయిగానే ఉంది.

"నానమ్మా, నాన్న అమ్మమ్మని ఎందుకు కోప్పడ్డారు?"

"ఆవిడ చేసిన చల్లటిది తాగే కదమ్మా నీకిలా అయింది."

మేనేజరు తల అడ్డంగా ఊపింది. "అమ్మమ్మది కాదు. నీది."

నానమ్మ చేతిలో చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. "నాది పారబోశావుగా తల్లీ."

"పారబొయ్యలా. తాగేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు పడుకున్నాక. చాలాసేపయ్యాక. వేడిగా ఉంది, వాసనొచ్చింది. ముక్కు మూసుకుని మొత్తం తాగేశాను." తను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి మేనేజరు కొంచెం నిటారుగా కూర్చుంది. "ఒక్క చుక్క కూడా వదల్లేదు."

"ఎందుకే? ఎవరు తాగమన్నారే నిన్ను?"

"నువ్వు గోడ తుడుస్తూ ఏడ్చావుగా. పారబోస్తే మళ్ళీ ఏడుస్తావని."

నానమ్మ లెక్క వేసుకుంది. రెండు గంటల పాటు ఆ ఉక్కలో, ఆ గట్టు మీద, విరిగిన పాలు. ఆ గ్లాసు తనే వదిలేసి వెళ్ళింది.

"డాక్టరంకుల్ అడిగారు ఏం తాగావని. చెప్పలేదు, మన సీక్రెట్టు కదా. నాన్న అడిగినా చెప్పలేదు." మేనేజరు గొంతు తగ్గించింది. "ఇంకా చెప్పకూడదా నానమ్మా? అమ్మమ్మ రాత్రి నా పక్కన పడుకుని నాకు సారీ చెప్పింది. నాకేం అనాలో తెలీలేదు."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పిల్ల నోరు విప్పదు, అది మాటిస్తే నిలబెట్టుకునే రకం. టిక్కెట్టు ఒకరిది ఖాయమైంది, ఇల్లు ఒకరికి ఖాయమైంది. నానమ్మ చెయ్యాల్సిందల్లా చెంచా మళ్ళీ నీళ్ళలో ముంచి పిల్ల నోటికి అందించడమే. అందించింది కూడా. పిల్ల బుద్ధిగా నోరు తెరిచి మింగి, జవాబు కోసం ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"చెప్పొచ్చులే తల్లీ. నేనే చెబుతాను. నువ్వు పడుకో" అంది.

పిల్ల కళ్ళు మూసేదాకా కూర్చుని, వంటింట్లోకి వెళ్ళింది. అమ్మమ్మ తోమిన పళ్ళేలు తుడిచి ఒకదానిలో ఒకటి పెట్టి, పై అరలోకి ఎక్కించడానికి మునివేళ్ళ మీద నిలబడి ఉంది. కోడలు కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

"ఒరేయ్, నువ్వు కూడా ఇలా రా" అని కొడుకుని కేకేసింది నానమ్మ. అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా, గట్టు అంచు పట్టుకుని, మొత్తం చెప్పేసింది. సంచి తీయడం, ఎండలో పెట్టడం, పాలు విరగడం, గ్లాసు వదిలేసి పడుకోవడం, ముక్కలు మళ్ళీ ఫ్రీజర్లో పెట్టడం. పిల్ల తాగిందని ఇప్పుడే తెలిసిందని. కరెంటు సంగతి అడిగినప్పుడు మాత్రం తెలిసే నోరు మూసుకున్నానని.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"రెండు రోజులు మా అమ్మ అన్నం తినలేదు అత్తయ్యా" అంది కోడలు. కోడలి గొంతులో అంత కోపం నానమ్మ ఎప్పుడూ వినలేదు. "మీరు చూస్తూనే ఉన్నారు."

"చూస్తూనే ఉన్నానమ్మా. అసూయతో కళ్ళు మూసుకుపోయాయి నాకు. ఆవిడ చేసింది మీరందరూ లొట్టలేసుకుంటూ తాగుతుంటే చూడలేకపోయాను. పురుడయ్యాక మీ అమ్మగారే ఉంటారు. నేను తమ్ముడి దగ్గరికి వెళ్తాను. ఎప్పట్నుంచో వెళ్తానంటున్నాగా."

కొడుకు ముఖం పాలిపోయింది. ఎక్కడ విందో అతనికి అర్థమైంది.

అమ్మమ్మ పళ్ళేలు గట్టు మీదికి దించింది. అందరూ ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నారు. ఆవిడ అడిగింది వేరు.

"ఎండలో ఎంతసేపు పెట్టారు?"

"గంట పైనే."

"మళ్ళీ ఫ్రీజర్లో పెట్టింది మీరేనా? ముద్దయింది అందుకేనా?"

"నేనేనండీ."

"అయితే నా పండ్లు చెడిపోలేదు" అంది అమ్మమ్మ. అని, కూతురి పక్కన కుర్చీలో కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "రెండు రోజులుగా ఈ చేతులంటే నాకే అసహ్యం వేసింది వదినగారూ. పిల్లని ముట్టుకోవడానికి భయం వేసింది. అంత పని చేశారు మీరు."

"తప్పే" అంది నానమ్మ.

"తప్పు కాదూ మరి!" అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కొడుకు ఏదో సర్దిచెప్పబోతే కోడలు చేత్తో ఆపింది.

"ఆ గ్లాసు మొత్తం తాగిందా?" అని అడిగింది అమ్మమ్మ ఉన్నట్టుండి.

"మొత్తం. ముక్కు మూసుకుని తాగిందట."

"మీరు ఏడ్చారని."

"ఆఁ."

"నేనిచ్చిన గ్లాసు ఒక్కోరోజు సగమే తాగేది. పొట్ట నిండిందనేది. బలవంతం చేస్తే పరిగెత్తేది." అమ్మమ్మ అల్లుడి వైపు తిరిగింది. గొంతు మామూలుగా ఉంచడానికి ఆవిడ పడుతున్న అవస్థ తెలుస్తోంది. "ఆ టిక్కెట్టు అలాగే ఉండనీ బాబూ. నేను చేసింది రుచిగా ఉన్నన్నాళ్ళే దాని దగ్గర నా చెల్లుబాటు. ఈవిడ చేసింది ఎలా ఉన్నా తాగుతుంది."

ఇంతలో లోపలి గదిలోంచి కేక వినపడింది. "నీళ్ళు!"

ఆ మాట చెవిన పడగానే అమ్మమ్మ లేచింది. లేవడమేమిటి, అప్పటికే గ్లాసు అందుకుని నీళ్ళు పోసేసింది. రెండడుగులు వేసింది కూడా.

"నానమ్మా, నీళ్ళు!" అంది లోపలి గొంతు.

అమ్మమ్మ ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, గ్లాసు నానమ్మ చేతికిచ్చింది. "వెళ్ళండి. మిమ్మల్నే" అంది. నవ్వబోయింది గానీ కుదరలేదు. ఆవిడ కళ్ళల్లో ఉన్నదేమిటో ఆ వంటింట్లో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. నానమ్మకి తెలుసు. పదకొండు రోజులు తన కళ్ళల్లో ఉన్నది అదే.

దాన్ని ఎదుర్కోలేక, నానమ్మ తల వంచుకుని నీళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళింది.